ఆమె దిగిన ఆటలో నేను దిగను

శంషాబాద్, సోమవారం

కాలనీ పెద్దల సంఘం సెక్రటరీ శ్రీరామమూర్తి సారుకు,

నా పేరు రుక్మిణమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో అడగొద్దు. భర్త మొగులయ్య, కాలం చేశాడు. ఇంట్లో నేను, కొడుకు పాండు, కోడలు సునీత. గోడకు ఆవల చంద్రమ్మ. ఆమె మా ఇంటి లెక్కలోకి రాదు. నా మొగుడు తెచ్చుకున్న రెండో పెళ్లాం. నాకు చదువు రాదు గనుక నేను చెబుతుంటే సునీత రాస్తోంది.

మీ హాలు బయట బోర్డుకు అంటించిన కాగితం సునీత చదివి వినిపించింది. “రుక్మిణమ్మ, చంద్రమ్మ కలిసి ఆడుతున్నారు. విచారణ ముగిసేవరకు ఆదివారం పేకాటకు రాకూడదు” అని. దొంగాట అన్నా ఊరుకునేదాన్ని. కలిసి అన్నారు! మొగుడి దినాలు అయిన నాటి నుంచి ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. మొన్న ఆమె కోడి మా వాకిట్లోకి వస్తే కోడికే చెప్పి పంపించాను.

ఆ “కలిసి” అన్న మాట కొట్టేయాలి. నా కుర్చీ నాకు ఇవ్వాలి.

ఇట్లు,
రుక్మిణమ్మ, వేలిముద్ర

తా.క.: అత్తమ్మ చెప్పిన తిట్లు రాయలేదు. క్షమించాలి. – సునీత

ఇంకో తా.క.: రాయలేదని ఇప్పుడే తెలిసింది. ఎదురుపడ్డప్పుడు నేనే చెబుతాను.

—

శంషాబాద్, బుధవారం

గౌరవనీయులైన రుక్మిణమ్మ గారికి నమస్కారములు.

మీ లేఖ అందింది. కోడి విషయం సంఘం పరిధిలోకి రాదు.

ఈ పోకర్ ఆటను హాల్లో అందరికీ నేర్పినవాణ్ణి నేనే. మళ్లీ మనవి చేస్తున్నాను. ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచుతాం. నచ్చితే చింతగింజలు పందెం కాసి దిగాలి, నచ్చకపోతే పడేయాలి. తర్వాత మధ్యలో అయిదు ముక్కలు పరుస్తాం. అవి దిగినవారందరికీ ఉమ్మడి. మొదటి రెండు ముక్కలను ఎంచుకోవడంలోనే సగం ఆట ఉంది. అందుకే ఏవి ఆడాలో, ఏవి మానాలో పట్టిక వేసి గోడకు తగిలించాను.

మీరు ఆ పట్టిక వైపు కన్నెత్తి చూడరు. చంద్రమ్మ గారు దిగితే చాలు, మీరు పడేస్తారు. మొన్న పడేసిన ముక్కలు తిరగేసి చూస్తే రెండు ఆసులు! మీరు దిగితే ఆవిడ పడేస్తారు. ఒకరి గింజ ఒకరు ఇంతవరకు గెలిచింది లేదు. దీన్ని కలిసి ఆడటం అనక ఏమనాలి? మీరు ముక్కలు ఏ పద్ధతిలో ఎంచుకుంటారో రాతపూర్వకంగా తెలుపగలరు.

భవదీయుడు,
శ్రీరామమూర్తి

తా.క.: మీరు పంపిన చింతచిగురు పప్పు బాగుందని మా ఆవిడ శాంతకుమారి చెప్పమంది. దీనికి విచారణతో సంబంధం లేదు.

—

శంషాబాద్, గురువారం

సెక్రటరీ సారుకు రుక్మిణమ్మ చెప్పి రాయించేది.

మీ పట్టిక చూశాను. గళ్లు గళ్లుగా ఉంటే ఎవరో లుంగీ ఆరేశారనుకున్నాను.

నేను ముక్కలను సంబంధాలు చూసినట్టు చూస్తాను. రాజు, రాణి వస్తే మొగుడూ పెళ్లాలు, దిగుతాను. ఇద్దరూ ఇస్పేటే అయితే మేనరికం, ఇంకా గట్టిది. తొమ్మిది, పది వస్తే ఈడూ జోడూ, పరవాలేదు. ఆసు పక్కన ఏడు వస్తే దొర ఇంటికి ఇల్లరికం పోయిన అల్లుడు. ఆ ఇంట్లో ఏడుకు మర్యాద ఉండదు, పడేస్తాను. రెండు, ఏడు వస్తే పెళ్లిచూపులు కూడా దండగే.

ఇక చంద్రమ్మ సంగతి. ఆమె ఎక్కిన ఆటో నేను ఎక్కను. పెళ్లి భోజనంలో ఆమె కూర్చున్న బంతిలో కూర్చోను, ఆకలితో రెండో బంతికి ఆగుతాను. అట్లాగే ఆమె దిగిన ఆటలో దిగను, ఆసులు కాదు, ఆసుల తాతలు వచ్చినా సరే. ఇది కలవడమా సారూ?

ఇట్లు,
రుక్మిణమ్మ, వేలిముద్ర

తా.క.: పప్పు పంపిన గిన్నె ఇంకా తిరిగి రాలేదు. దీనికి విచారణతో సంబంధం ఉంది.

—

శంషాబాద్, సోమవారం

గౌరవనీయులైన రుక్మిణమ్మ గారికి,

మీ లేఖ వచ్చిన రోజే చంద్రమ్మ గారి లేఖ కూడా వచ్చింది. రెండింటి దస్తూరి ఒక్కటే! దాంతో కమిటీ అనుమానం ముదిరింది. అందుకే నిన్న మిమ్మల్నిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, పడేయకూడదన్న షరతుతో ఒక ఆట ఆడించాం. జరిగింది రికార్డు కోసం రాస్తున్నాను.

ముక్కలు పంచింది నేనే. మీరిద్దరూ చూడగానే పడేయబోయారు, కమిటీ వారించింది. మధ్యలో ఒక రాజు, మిగతావి చిన్న ముక్కలు పడ్డాయి. చివరికి విప్పితే మీ దగ్గర ఇద్దరు రాణులు, ఆవిడ దగ్గర మిగిలిన ఇద్దరు రాణులు. మధ్యలోని రాజు నియమం ప్రకారం మీ ఇద్దరికీ ఉమ్మడి. సరిసమానం, గింజలు చెరిసగం.

పట్టికలో అంత పైన ఉన్న ముక్కలను ఇద్దరూ ఎందుకు పడేయబోయారు? పైగా పంచింది నేను కనుక మీ జట్టులో నేను మూడోవాణ్ణని కమిటీలో మాధవీలత గారు అంటున్నారు. నా పదవి పోయేలా ఉంది. నాకూ మీకూ ఏ పొత్తూ లేదని దయచేసి రాసివ్వండి.

మీ విధేయుడు,
శ్రీరామమూర్తి

తా.క.: గిన్నె పంపుతున్నాను. ఖాళీగా పంపకూడదని మా ఆవిడ గారెలు పెట్టింది. ఇది లంచం కాదు.

—

శంషాబాద్, మంగళవారం

కమిటీ వారికి రుక్మిణమ్మ ఇచ్చే వాంగ్మూలం.

శ్రీరామమూర్తి సారు మాతో కలవలేదు. మాతో కలిసేంత ఆట ఆయనకు రాదు.

ఆదివారం సారు బోణీగా వేసిన గింజతో కలిపి చెరిసగం చేస్తే ఒకటి మిగిలింది. మీరు గది తలుపు వేసుకుని చర్చించుకుంటుంటే మేమిద్దరం ఆ గింజను చూస్తూ కూర్చున్నాం. ఎంతసేపని చూస్తాం? నేనే ముందు నోరు తెరిచాను.

“ఏమే, రాణులొస్తే ఎందుకు పారేయబోయినవ్?”

“నువ్వెందుకు పారేయబోయినవో గందుకే.”

“గదే, ఎందుకు?”

“ఇద్దరు రాణులు ఒక్క చేతిల ఇముడుతరా అక్కా? మనకు తెల్వదా ఏంది?”

“గా రాజు గూడ ఒక దిక్కు ఉండకపాయె. నడుమ పడ్డడు.”

“ఆయన ఎన్నడన్న ఒక దిక్కు నిలబడ్డడా?”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నెత్తి మీద విమానం పోతున్నా మా నవ్వే వినబడిందని వాచ్‌మన్ అన్నాడు. ఆ గింజ ఎటు పోయిందో ఇద్దరం చూడలేదు.

ఇన్నేళ్ల తిట్లు నిలవ ఉన్నాయి. పొద్దున ఆమె వాకిట్లో కొన్ని, సాయంత్రం మా వాకిట్లో కొన్ని తీర్చుకుంటున్నాం. అయినా ఒడిసేటట్టు లేవు. అందుకని ఆదివారం మా కుర్చీలు పక్కపక్కన వేయించండి. బోర్డు మీద మాట కొట్టేయక్కర్లేదు. మొన్నటిదాకా అది అబద్ధం. ఈ ఆదివారం నుంచి నిజంగానే కలిసి ఆడుతున్నాం. చేతనైతే పట్టుకోండి.

తా.క.: గారెలు ఇద్దరం తిన్నాం. ఉప్పు తక్కువ.

రుక్మిణమ్మ, ఎడమ చేతి వేలిముద్ర

సాక్షులు:
చంద్రమ్మ, వేలిముద్ర (చెప్పినా వినకుండా నా దానికంటే పైన వేసింది)
సునీత, సంతకం (రెండిళ్లకూ రాసేది నేనొక్కదాన్నే. దస్తూరి ఇంకెట్లా ఉంటుంది?)