నాన్న మైనం ముక్క

అమ్మా, నిన్న ఫోన్లో అరిచానని నువ్వు ఎత్తడం మానేశావు. అందుకే కార్డు రాస్తున్నా. రాయపూర్ ఆసుపత్రిలో నాన్న గంజి తాగుతున్నాడు. పేగు క్యాన్సర్ కాలేయానికి పాకిన చోట రేడియేషన్ కరెంటు పెడుతున్నారు.

పక్క మంచం ఆదినారాయణ గారిది. బచేలి గనుల్లో ఉద్యోగం, ఇదే రోగం. ఆయనకు కరెంటుతో పాటు ఇమ్యూనోథెరపీ సూది కూడా ఇస్తున్నారు. గడ్డ తగ్గిందట, నా ఎదురుగానే ఇడ్లీలు తింటున్నాడు. చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది. వాళ్ళావిడ "మీ నాన్నగారికి సూది ఎప్పుడు బాబూ?" అంటే "మా అమ్మకు బుద్ధొచ్చినప్పుడు" అన్నాను.

ఆ సూది అందరికీ పనిచేయదు. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కను పరీక్షించాకే ఇవ్వాలో వద్దో డాక్టరు చెబుతాడు. దాన్నే మైనంలో పెట్టి డబ్బాలో మనకిచ్చారు. వాళ్ళావిడ తమది పట్టుగుడ్డలో చుట్టి తెచ్చింది. నువ్వేమో "ఒంట్లకెల్లి తీసింది ఇంట్ల ఉంచుతరా ఏందిరా, శబరి ఏట్ల కలుపుత" అంటావు. కలపకు. మామ కొడుకు చక్రి చేతికిచ్చి బస్సెక్కించు. లేదంటే నాన్న కడుపులో మళ్ళీ గుచ్చి ముక్క తీయాలి. ఆయనకు అంత ఓపిక లేదు.

మేకకు మందు తాగించారా? చెల్లి అమ్ము బడికి పోతోందా? దానికి ముద్దులు, నీ కాళ్ళకు దండం.

ఇప్పటికే కలిపేసి ఉంటే ఫోన్ ఎత్తి చెప్పు, తిట్టను.

వికాస్