పేరు పెట్టిన అక్క

నందిగామ,
ఆగస్టు 4

ప్రియమైన తోడక్కకి,

మీరెవరో నాకు తెలీదు. తొమ్మిదో తరగతి అక్కలు ఎనిమిదిమంది కలిసి 'తోడు' అని బృందం పెట్టారనీ, ఎవరికైనా భయమేస్తే లైబ్రరీ వరండాలో పెట్టెలో రాసి వెయ్యమనీ రోజారమణి మేడం ప్రేయర్‌లో చెప్పారు. పేరు రాయక్కర్లేదన్నారు. అందుకే రాయట్లేదు. ఆరో తరగతి, హాస్టల్లో ఉంటా. అంతే చెప్తా.

నాకు భయంగా ఉంది. పొద్దున లేవగానే కడుపులో మొదలవుతుంది. ఎందుకో ఇప్పుడే చెప్పను. మీరు నిజంగా జవాబు రాస్తారో, ఈ కాగితం అందరిముందూ చదివేస్తారో చూద్దామని రాస్తున్నా. జవాబు రాస్తే పెద్ద అట్లాసులో ఆస్ట్రేలియా పేజీలో పెట్టండి. ఆ పుస్తకం ఎవరూ తియ్యరు.

ఇట్లు,
ఒక అమ్మాయి


ఆగస్టు 6

ప్రియమైన ఆస్ట్రేలియా చెల్లికి,

పేరు చెప్పలేదుగా, నేనే ఒకటి పెట్టేసా. పేర్లు పెట్టడంలో మనకి సాటి లేదులే!

నీ కాగితం నేను తప్ప ఎవరూ చూడలేదు. ఈ నెలంతా పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. దారానికి కట్టి మెడలో వేసుకుని మునసబుగారిలా తిరుగుతున్నా. నా పేరు చెప్పకూడదని రూలు. మాకు రెండ్రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. ఎవరైనా చెప్పేటప్పుడు మధ్యలో అడ్డుపడకుండా వినాలట. మా అమ్మ వింటే పడీపడీ నవ్వుతుంది. జగ్గయ్యపేట బస్టాండులో కేకలైనా ఆగుతాయిగానీ నా నోరు ఆగదంటుంది. ఉత్తరంలో అడ్డుపడలేనుగా, నువ్వు ధైర్యంగా రాయి.

అడగందే అమ్మైనా పెట్టదు. చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది? నిన్ను ఏడిపిస్తున్నది ఎవరు? పేరు చెప్పు చాలు, దాని సంగతి నేను చూస్తా. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. అలాంటివాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

అన్నం మానెయ్యకు. కడుపులో భయం ఉన్నా సరే, దాని పక్కన కాస్త చోటు చేసుకుని తిను.

ప్రేమతో,
నీ తోడక్క


ఆగస్టు 11

ప్రియమైన తోడక్కకి,

మీ ఉత్తరం తెరవగానే చేతులు వణికాయి. మూడుసార్లు చదివా. జరిగింది చెప్తా. పేరు మాత్రం అడక్కండి.

మాది ముక్త్యాల. మా నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు లోడింగ్ చేస్తాడు. జులైలో నన్ను ఇక్కడ చేర్చిన రోజు, డ్యూటీ దిగి అలాగే బస్సెక్కించి తీసుకొచ్చాడు. ఆయన చొక్కా మీద, నా పెట్టె మీద దుమ్ము ఉంది. గేటు దగ్గర ఒక పెద్దక్క చూసి, "సిమెంటు బస్తా వచ్చిందర్రా, లోడు దించుకోండి!" అంది. అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. ఆయనకి అర్థమైందక్కా. నాకోసం నవ్వాడు.

ఆ అక్క తర్వాత నన్నేమీ చెయ్యలేదు. ఎదురైతే "ఏం బస్తా, తిన్నావా?" అంటుంది, వెళ్ళిపోతుంది. పేరు మాత్రం పోలేదు. ఎనిమిదో తరగతి వాళ్ళు ముగ్గురు రోజూ నా తలమీద డస్టర్ దులుపుతారు. సిమెంటుకి నీళ్ళు తగిలితే గడ్డకడుతుంది, చూద్దాం అని బాత్రూంలోకి తోసి, బకెట్టు నీళ్ళు పోసి, బయట గడియ పెట్టారు. రెండో బెల్లు దాకా తలుపు కొడుతూనే ఉన్నా. అప్పట్నుంచీ మళ్ళీ అటు వెళ్ళాల్సొస్తుందని పగలు నీళ్ళు తాగట్లేదు. ఒంటేలుకి వెళ్తే మంటగా ఉంటోంది.

తోడక్కా, ఆ మొదటి అక్క చెడ్డదేనా?

ఇట్లు,
మీ చెల్లి


ఆగస్టు 20

ప్రియమైన తోడక్కకి,

తొమ్మిది రోజులైంది. రోజూ అట్లాసు తీస్తున్నా. పేజీలో ఏమీ ఉండట్లేదు.

నా కాగితం ఎవరికైనా చూపించారా? నిన్న ఆ ముగ్గురూ నన్ను చూసి గుసగుసలాడుకున్నారు. ఆటల పీరియడంతా మెట్లకింద దాక్కున్నా. ఎవరి చెప్పుల చప్పుడు విన్నా వాళ్ళే అనిపించింది. పీటీ మేడం పిలిచినా అక్కడే ఏడుస్తూ కూర్చున్నా.

ఆదివారం మా నాన్న నన్ను చూడ్డానికొస్తున్నాడు. ఆయనతో వెళ్ళిపోదామనుకుంటున్నా. అమ్మతో పాటు పత్తి చేలో కలుపుకి పోతా. చదువు పోయినా ఈ భయం ఉండదు.

ఇట్లు,
మీ చెల్లి


ఆగస్టు 21

ప్రియమైన చెల్లికి,

నేను పెట్టిన ఏ పేరుతోనూ నిన్ను ఇంక పిలవను.

ఆ అక్కని నేనే. మెర్లిన్, తొమ్మిది బి.

గేటు దగ్గర నేనన్న మాట నాకు గుర్తే లేదు. నీ ఉత్తరం చదివాకే గుర్తొచ్చింది. మీ నాన్న నవ్వడం కూడా గుర్తొచ్చింది. నా జోకు బాగుందని నవ్వాడనుకున్నా, చెల్లీ.

తొమ్మిది రోజులు ఎందుకు రాయలేదంటే, భయపడ్డా. నీ గురించి కాదు, నా గురించి. బృందంలోంచి తీసేస్తారని, అందరూ నన్ను వేలెత్తి చూపిస్తారని. నీ కాగితం చింపేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నా. నేను నా పరువు కాచుకుంటూ కూర్చున్నన్నాళ్ళూ నువ్వు నీళ్ళు తాగకుండా తిరిగావు. మొదటిది నోరు జారి చేసిన తప్పు. ఇది తెలిసి చేసిన తప్పు.

ఇవాళ బృందం కూర్చున్నప్పుడు లేచి అంతా చెప్పేసా. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తాళంచెవి మా బృందంలోని మనోజ్ఞకిచ్చేసా. అందరం కలిసి రోజారమణి మేడం దగ్గరికెళ్ళాం. రేపట్నుంచి బాత్రూంల దగ్గర మా బృందంవాళ్ళు ఇద్దరిద్దరు నిలబడతారు. ఆ ముగ్గురితో మేడం మాట్లాడతారు, నువ్వు రాసిన సంగతి బయటపెట్టరు. మంట గురించి నర్సమ్మకి చెప్పు, సిగ్గుపడకు. ముందు నీళ్ళు తాగు, నీకు దణ్ణం పెడతా.

నువ్వు రమ్మంటే వచ్చి క్షమించమని అడుగుతా. వద్దంటే నీ కంటపడను. వెళ్ళిపోకు. తప్పు చేసినదాన్ని నేనిక్కడుంటే నువ్వెందుకు వెళ్ళడం?

మెర్లిన్


ఆగస్టు 23

ప్రియమైన మెర్లినక్కకి,

'ప్రియమైన' అని రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించా. రాసేసా. ఇది పెట్టెలో వెయ్యకుండా మనోజ్ఞక్క చేతికిస్తున్నా.

నువ్వేనని నాకు ముందే తెలుసు. ప్రేయర్‌లో బోర్డు మీద రోజూ సూక్తి రాసేది నువ్వేగా. నీ మొదటి జవాబు తెరవగానే ఆ రాత గుర్తుపట్టా. అందుకే చేతులు వణికాయి. అట్లాసు అక్కడే పడేసి పారిపోదామనుకున్నా. కానీ ఉత్తరంలో అక్క నన్ను అన్నం తినమంది. ఇక్కడికొచ్చాక ఆ మాట అంత ప్రేమగా ఎవరూ అనలేదు. బయట అక్క బస్తా అంటుంది. ఇద్దరిలో నిజం ఎవరో తెలుసుకోవాలనే అంతా రాసా. నువ్వు జవాబివ్వకపోయేసరికి బయట అక్కే నిజమనుకున్నా. మెట్లకింద దాక్కుంది ఆ ముగ్గురి భయంతోనే, ఏడ్చింది మాత్రం అందుకే.

నిన్న బాత్రూంల దగ్గర ఇద్దరక్కలు నిలబడ్డారు. నీళ్ళు తాగా. నర్సమ్మ మందిచ్చింది. ఆ ముగ్గురూ నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు. అయినా వాళ్ళు కనపడితే కాళ్ళు ఆగిపోతున్నాయి. ఒక్కరోజులో పోయేది కాదేమో అక్కా ఇది.

క్షమించడం సంగతి నాకు తెలీదు. చర్చిలో పాస్టరుగారు చెప్తుంటే తేలిగ్గానే అనిపించేది.

ఉండాలో వెళ్ళాలో ఇంకా తేల్చుకోలేదు. రేపు పదకొండింటికి మా నాన్న గేటు దగ్గరికొస్తాడు. ఆయన పేరు రూబెన్. ఫ్యాక్టరీ నుంచే వస్తాడు, చొక్కా అలాగే ఉంటుంది. నువ్వొచ్చి, అందరూ ఉన్నప్పుడే, ఆ రోజు అలా అన్నది నేనేనండీ అని ఆయనతో చెప్పు. ఆయన కోప్పడడు. పర్లేదమ్మా అని మళ్ళీ నవ్వుతాడు. అప్పుడు నువ్వు మాత్రం నవ్వకు.

నువ్వు రావేమోనని ఇప్పట్నుంచే భయంగా ఉంది.

సుస్మిత