కళ్ళు చెక్కని బొమ్మ

దుర్గి,
తారణ, మాఘ బహుళ దశమి.

మా ఇంటాయన పాదాలకు మాణిక్యం దణ్ణం పెట్టి రాసుకునేది. ఇక్కడ అత్తయ్య, పిల్లలు, నేను, ఈనిన బర్రె అందరం క్షేమం. మీరు ఆ అస్సాం కొండల్లో, ఆ చలిలో క్షేమంగా ఉన్నారనే నమ్ముతున్నాను. క్షేమం అన్న మాట లేకుండా జాబు మొదలుపెట్టకూడదు కాబట్టి రాశాను. అదెంత నిజమో మీరే చివరిదాకా చదివి చూసుకోండి.

మీ జాబు పుష్యమాసంలోనే అందింది. జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు కోప్పడకండి, కారణం ఉంది. అందులో రెండు వరుసల మీద మీ పటాలం దొరలు నల్లసిరా పూశారు. ఆ నలుపు చూసిన దగ్గర్నుంచి అత్తయ్య నా ప్రాణం తోడేస్తోంది, అక్కడేం రాశాడో చెప్పమని. దొరలు కొట్టేశారత్తా అంటే నమ్మదు. మొగుడి ముద్దుమాటలు కోడలే సిరా పోసి దాచుకుందని వీధంతా చాటింది. నవ్వుకోండి, నవ్వే సంగతులు ముందే రాసేస్తున్నాను.

అత్తయ్యకు దగ్గు తగ్గిందా అని అడిగారు. దగ్గు తగ్గింది, నోరు తగ్గలేదు. బర్రె పెయ్యదూడను వేసింది, నుదుటి మీద తెల్లమచ్చ ఉంది. కిరసనాయిలు దొరకడం లేదు, పొద్దుగుంకకముందే అన్నాలు తినేస్తున్నాం. నేను మిరపకోతలకు పోతున్నాను. చేతులు ఎప్పుడూ మండుతూనే ఉంటాయి, అది అలవాటైపోయింది.

చిన్నకోటిగాడిని బడిలో వేశామా అన్నారు. వేశాం. పంతులు పలక మీద అ ఆ లు దిద్దమంటే వాడు మేకు పెట్టి పలక మీద తేలును చెక్కాడు. చెరిపెయ్యరా అంటే అదెక్కడ చెరుగుతుంది? ఇంట్లో చీపురుకు ఈనె మిగలదు, చేటకు బద్ద మిగలదు. ఆకాశంలో విమానం పోయిందంటే చాలు, అక్కాతమ్ముడూ జొన్నబెండ్లు ముందేసుకుని కూర్చుంటారు. సాయంత్రానికి దూలానికి ఒక విమానం వేలాడుతుంది. అత్తయ్య పొడుముడబ్బా మూత కనబడక ఇల్లంతా వెతికితే అది కోటిగాడి బండికి చక్రమై తిరుగుతోంది. ఎటు కాలు పెట్టినా బంకమన్ను, చింతగింజలు, రాతిపొడి. మీ పోలికలే అని మురిసిపోకండి, ఊడ్చేది నేను.

మన రాతిపనివాళ్ళ వీధిలో పనులు ఉన్నాయా అని అడిగారు. దేవుళ్ళను చెక్కమనేవాళ్ళు లేరు. వస్తున్న పనల్లా ఒకటే, పటాలానికి పోయి తిరిగిరాని పిల్లలకు రాయి నిలబెట్టడం. కార్తీకంలో బెల్లంకొండ నుంచి ఒక పెద్దాయన బండి కట్టుకుని వచ్చి, కొడుక్కి టోపీ పెట్టి చెక్కమని చెన్నయ్య మామను బతిమాలాడు. ముఖం గుర్తుకు చెప్పమంటే చెప్పలేక ఏడ్చాడు. ఆ రాయి తయారై పసుపు పూసి, దీపం పెట్టి బండెక్కించేటప్పుడు వీధంతా పోయి నిలబడ్డాం. పిల్లలూ చూశారు. అప్పటినుంచి టోపీ పెట్టిన మనిషి రాతిలో కనబడితే నేను పక్కకు తిరిగి పోతున్నాను. మన పల్నాట్లో బతికున్నవాడికి రాయి నిలబెట్టరు, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మన పెద్దది, రత్తి గురించి అడిగారు. మీరడిగిన వాటిలో అన్నిటికంటే ముందు రాసింది అదే. నేను చివరికి నెట్టాను.

మీరు పోయాక అది ఉలి వదిలేసిందనే అనుకున్నాను. మన ఇళ్ళలో ఆడవాళ్ళు రాయికి నునుపు పట్టడమే గాని ఉలి పట్టరని అత్తయ్య దాన్ని రోజూ సాధిస్తూనే ఉండేది. అది మారుమాట్లాడకుండా పేడకళ్ళు తీసి, నీళ్ళు మోసి, మధ్యాహ్నం ఎటో మాయమయ్యేది. నేను చేలో ఉండేదాన్ని, పట్టించుకోలేదు. గడ్డివాము వెనక గోనెపట్టా కప్పి అది ఏం చేస్తోందో కోటిగాడికి తప్ప ఎవరికీ తెలియదు.

పుష్యం మొదట్లో ఒక మధ్యాహ్నం పక్కింటి జ్ఞానమ్మ వదిన చేనుగట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "నీకు చెప్పకుండా దాచారే పిల్లా, ఇంటికి రా" అంది. ఏంది వదినా, ఏం దాచారు అంటే ఏడుస్తూ నన్ను గట్టు మీదికి లాగింది. మిరపకాయల మూట అక్కడే పడేసి పరుగెత్తాను. ఇల్లు కనబడకముందే అత్తయ్య ఏడుపు వినిపించింది.

వాకిట్లో ఆడవాళ్ళంతా గుమిగూడి ఉన్నారు. దారి ఇచ్చారు. గడ్డివాము వెనక మూరెడు ఎత్తు రాయి నిలబెట్టి ఉంది. టోపీ పెట్టిన మనిషి, మీసం, ఎడమ చెంప మీద మీ గంటు. ఒంటినిండా పసుపు, నుదుట కుంకుమ, ముందు దీపం. కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట నున్నగా, రెప్పలు మూసుకున్నట్టు ఉంది. కబురు వచ్చి ఉంటుందని, నాకు చెప్పలేక రాయి ముందే చేయించారని వీధంతా అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఒక ముసలమ్మ నా మణికట్టు పట్టుకుని గాజుల మీద చెయ్యి వేసింది. ఇంకొకావిడ, "ఉండవే, కబురు ఖాయం కానీ" అని ఆ చెయ్యి తీసేసింది. అంతసేపూ నేను మీరు లేనిదాన్నే అయ్యాను. ఆ కాసేపు ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు.

అప్పుడు కోటిగాడు జనం కాళ్ళ మధ్యలోంచి దూరి వచ్చాడు. చేతినిండా పసుపు. "ఏడవకమ్మా, నాన్న బొమ్మ. అక్క చేసింది. దీపం నేను పెట్టా, నాన్న బిరాన వస్తాడని" అన్నాడు. బెల్లంకొండ రాయికి పెట్టడం చూసి నేర్చుకున్నాడు వెధవ.

మీరు బతికే ఉన్నారని అలా తెలిసింది. దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి కదా? నాకు దణ్ణం తోచలేదు. కోపం వచ్చింది. ఆ రాయి అక్కడ ఉన్నంతసేపు మీ ప్రాణానికి ముప్పనిపించింది. చెన్నయ్య మామ వాకిట్లోంచి సమ్మెట తెచ్చాను. ఎవరూ ఆపలేదు. ఒక్క దెబ్బకు మెడ తెగి తల కింద పడింది. రత్తి అప్పుడే నీళ్ళబిందె దించి పరుగెత్తుకొచ్చి, తల మీద పడి, రెండు చేతులూ ఆ ముఖం మీద పెట్టింది. కుడిచెయ్యి పైన ఉంది. "కళ్ళు చెయ్యలేదమ్మా, కళ్ళు చెయ్యలేదు" అంటోంది. ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు. రెండో దెబ్బ దాని చేతి మీద పడింది.

చెయ్యి అడ్డం వచ్చిందని వీధిలో అందరికీ చెప్పాను. ఎముకలు కట్టే నాగూర్ వలి తాత అడిగితే చేతి మీద రాయి పడిందన్నాను. ఆయన రత్తి వైపు తిరిగి, ఏం తల్లీ అంతేనా అన్నాడు. అది నా ముఖం చూసి, అవును తాతా, రాయి పడింది అంది. ఆయన మినప్పిండి, గుడ్డుసొన పట్టువేసి వెదురుబద్దలు కట్టి పోయాడు.

వాళ్ళందరికీ చెప్పిన అబద్ధం మీకు రాయలేను. నేను కొలిమి ఇంటి పిల్లను. పెళ్ళి కాకముందు మా నాన్న పట్టుకారుతో ఇనుము పట్టుకుంటే నేను సమ్మెట వేసేదాన్ని. ఆయన వేళ్ళకు అంగుళం పక్కన వేసినా ఏనాడూ గురి తప్పలేదు, అది చూసే కదా మీరు నన్ను చేసుకుంటానన్నారు. ఆ రోజూ తప్పలేదు. చెయ్యి కనబడింది. అది నా బిడ్డ చెయ్యని తెలుసు. సుత్తి పట్టే చెయ్యని కూడా తెలుసు. తెలిసే వేశాను.

అది అరవలేదు. పెదవి కొరుక్కుని నన్నే చూస్తూ ఉండిపోయింది. అప్పటికి నాకు ఒళ్ళు తెలిసి, దగ్గరికి తీసుకుని కన్నీళ్ళు తుడిచాను. నా చేతులకు మిరప ఘాటు ఉందన్న ధ్యాస లేదు. అప్పుడు అరిచింది, కళ్ళు మండి. ఆ అరుపు మీ పటాలానికి వినబడలేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

అత్తయ్య ఆ సాయంత్రం తన చేత్తో నాకు అన్నం పెట్టింది. ఇన్నేళ్ళలో అదే మొదలు. "మంచి పని చేశావే. నా కొడుకు కీడు విరగ్గొట్టావు. ఆడముండకు ఉలి ఎందుకు, ఇక దాని జోలికి పోదు" అంది. వీధిలో వాళ్ళు కూడా మొగుడి కోసం కన్నబిడ్డని చూడలేదు, ఇల్లాలంటే అది అంటున్నారు. నీళ్ళకు పోతే నాకు ముందు దారి ఇస్తున్నారు. ఆ గౌరవంతో నేను నీళ్ళు తెచ్చుకుంటున్నాను.

తర్వాత మీ జాబు వచ్చింది. ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుని అందరికీ వినబడేటట్టు నేనే చదివాను. రత్తి కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. మొదటి వరుసే అది. నా నోటితోనే చదివాను. "రత్తికి నా మాటగా చెప్పు. బొమ్మ ఎంతవరకు వచ్చింది? కళ్ళ జోలికి మాత్రం పోవద్దు. అవి నేనొచ్చి తెరుస్తాను." అత్తయ్య ఏం బొమ్మే అంది. రత్తి లేచి లోపలికి పోయింది.

మీరేం తక్కువ తిన్నారు? తండ్రీకూతుళ్ళు కలిసి నా దగ్గర దాచారు. అమ్మకు చెప్పకు, నేను వచ్చినరోజు చూసి ఆశ్చర్యపోవాలి అన్నారట, కోటిగాడు చెప్పాడు. బండెక్కబోతూ నా చెవిలో ఒక్క ముక్క వేసి పోతే మీ సొమ్మేం పోయేది? అది మీ మాట మీద నిలబడింది. సమ్మెట చూసి కూడా నాన్న చెక్కమన్నాడని అనలేదు. కళ్ళు చెయ్యలేదని మాత్రమే అంది, అంటే ఈ మనిషి ఇంకా పూర్తికాలేదు, చచ్చినవాడి రాయి కాదు అని. రాతిపనివాళ్ళ ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఏ బొమ్మకైనా కళ్ళు ఆఖరునే తెరుస్తారని చూస్తూనే ఉన్నాను. ఆ క్షణాన కళ్ళు లేకపోతే చచ్చినవాడని తప్ప నాకేమీ తట్టలేదు. మీ మీద ఈ మాటలు రాసినా తప్పు మీది కాదని నాకు తెలుసు. రాయకపోతే ఊపిరాడటం లేదు.

విరిగిన బొమ్మ ఇంట్లో ఉండకూడదు, వాగులో కలిపెయ్యమని అత్తయ్య గోల. మిమ్మల్ని తీసుకుపోయి నీళ్ళలో ఎలా వెయ్యను? మొండెం గాదె కింద పెట్టాను. తలను కోటిగాడు పక్కలో వేసుకుని పడుకుంటున్నాడు. వాడు బయటికి పోయినప్పుడు తీసి చూశాను. మీరు మధ్యాహ్నం భోజనం చేసి అరుగు మీద కునుకు తీసినప్పుడు ఎలా ఉంటారో అలాగే ఉంది. పదకొండేళ్ళ పిల్ల, ఎదురుగా మనిషి లేకుండా అంత చేసింది. పెదవి పక్కన మీరు నవ్వు ఆపుకునేటప్పుడు పడే గీత కూడా ఉంది. అది నేను ఇన్నాళ్ళలో చూడలేదు, రాతిలో చూశాను.

నాగూర్ వలి తాత మొన్న కట్టు విప్పాడు. ఆ ముక్క కూడా రాద్దామనే ఇన్నాళ్ళు ఆగాను. చూపుడువేలు, నడిమివేలు ఇక వంగవు. బొటనవేలు కొంచెం కదులుతోంది. సుత్తి పట్టగలదా తాతా అని అడిగాను. ఆయన తలెత్తకుండా బద్దలు సర్దుకుని, గంటె పట్టుకుంటుందిలే అమ్మా అన్నాడు.

రోజూ నేనే అన్నం తినిపిస్తున్నాను. తింటుంది. ఏడవదు, అలగదు, మాట్లాడదు. ఇంట్లో విమానాలు లేవు, జొన్నబెండ్లు లేవు, ఊడ్చడానికి కూడా ఏమీ ఉండటం లేదు. నిన్న ముద్ద పెడుతుంటే ఇన్నాళ్ళకు నోరు తెరిచింది.

"నాన్న వస్తే నిన్ను కొడతాడా?"

"మీ నాన్న నన్నెప్పుడూ కొట్టలేదే."

"నా చెయ్యి చూసినా కొట్టడా?"

మీ సంగతి నాకు తెలుసు కదా. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కొట్టడమ్మా అన్నాను.

అది ముద్ద నమిలి మింగింది. "అయితే రావద్దులే" అంది.

మీరు రావాలని నేను మొక్కని రాయి లేదు. ఆ మొక్కుల కోసమే కదా దాని చెయ్యి విరగ్గొట్టింది. ఇప్పుడు మీరు రాకపోయినా ఫరవాలేదనే మనిషి ఈ ఇంట్లోనే పుట్టింది, చేసింది నేనే. సెలవు దొరికిన రోజున రండి. గుమ్మంలో నేను కాళ్ళకు నీళ్ళిస్తే తీసుకోకండి. అత్తయ్య అడ్డం వస్తే పక్కకు జరపండి. రత్తిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, ముందు నన్ను కొట్టండి. సుత్తి పట్టే చేత్తో కొట్టండి. మీకు చెయ్యి లేవదని నాకు తెలుసు. నా కోసం కాదు, అది చూడాలి. చూశాక మీరు వచ్చినందుకు సంతోషిస్తుందేమో.

ఇట్లు,
మీ రత్తిని కన్న
మాణిక్యం