పడమటి అద్దం

12 నవంబర్ 2001, మడకశిర

బయ్యన్న ఇల్లు కట్టిస్తాడట. కరెంటు కోతలతో విసిగిపోయి సోలార్ ఇల్లే కావాలంటున్నాడు. బెంగళూరులో ఎక్కడో చూసొచ్చాడు. ఈ చుట్టుపక్కల అలాంటి ప్లాన్ గీసేది నేనొక్కదాన్నే. అందుకని నా ఆఫీసుకే వచ్చాడు.

తేరిపార చూసి, "తిప్పయ్య కూతురివి కదా హేమావతీ, బాగా చదువుకున్యావే" అన్నాడు. అంతే. ఇంకేమీ గుర్తు రాలేదు ఆయనకు.

ఒప్పుకున్నాను.

13 నవంబర్

ఒక్కసారి రాసి పెట్టుకుంటాను. 1998 వేసవి. బావి పక్క చేను బయ్యన్నకు అమ్మనని నాయన చెప్పాడు. మా ఇంటికి తీగ వచ్చే స్తంభం బయ్యన్న పొలంలో ఉంది. తీగ కోయించాడు. నలభై రోజులు కరెంటు లేదు. మాది రేకుల గది. అమ్మకు జ్వరం. నేను తడిగుడ్డ వేస్తే పిండినంత సేపట్లో ఆరిపోయేది. ఒక మధ్యాహ్నం ఆమె కళ్లు తెరవలేదు. వడదెబ్బ అన్నాడు డాక్టరు.

నాయన అడగడానికి పోతే బయ్యన్న అన్న మాట: "ఎండకు సచ్చినోళ్లకు నేనేం చేసేది?"

ఎండను ఏం చేయాలో తర్వాత మూడేళ్లు బెంగళూరులో ఒక ఆర్కిటెక్ట్ దగ్గర నేర్చుకున్నాను. ఎండతో ఏం చేయవచ్చో కూడా తెలిసింది.

2 డిసెంబర్

రెండు ప్లాన్లు గీశాను. మొదటిది ఒక పూట పని. ఉత్తర దక్షిణాలకు కిటికీలు, సిమెంటు కలిపి నొక్కిన మట్టి ఇటుకలతో మందం గోడలు, వేడి దిగకుండా స్లాబు మీద బోర్లించిన ముంతలు, పైన సున్నం. వేడి గాలి పోవడానికి ఎత్తులో కంతలు. కప్పు మీద ప్యానెల్స్, నీళ్లు కాగడానికి సోలార్ హీటర్.

రెండోదీ అదే ఇల్లు. ఒక్క గది తేడా. కింది అంతస్తులో పడమటి వైపు, రోడ్డుకు ఎదురుగా, గోడ మొత్తం అద్దం. చూరు లేదు. తెరిచే రెక్క లేదు. కింద నల్ల గ్రానైట్.

రెండోదే చూపిస్తాను.

9 డిసెంబర్

అద్దం చూసి మురిసిపోయి సంతకం పెట్టాడు.

20 జనవరి 2002

పునాది పడింది. నాయనకు తెలిసిపోయింది. "ఆయప్పకు ఇల్లు కడతాండావా నువ్వు?" అని అడిగి లేచిపోయాడు. నాలుగు రోజులుగా మాట్లాడటం లేదు. ఏమని చెప్పను?

17 మార్చి

బయ్యన్న భార్య యశోదమ్మ సైటుకు వచ్చింది. మోకాళ్లు పట్టుకుని నడుస్తుంది. అద్దం గది దగ్గర ఆగి, "ఈ రూము నాకంట పాప. మెట్లెక్కలేను గదా. ఆయన పైన ఉంటాడు. ఎండ పడదు కదా ఈడ?" అంది.

పడదమ్మా అన్నాను.

ఇంటికొచ్చి ప్లాన్ తీసి ఆ గది మళ్లీ చూశాను.

18 మార్చి

పడనీ అనుకున్నాను. అమ్మ పోయిన వేసవిలో ఆమె కూడా బయ్యన్న ఇంట్లోనే ఉంది, ఫ్యాను కింద. రోజంతా ఇదే అనుకున్నాను. సాయంత్రానికి నా మీద నాకే అసహ్యమేసింది.

20 మార్చి

బయ్యన్న దగ్గరికి పోయాను. రోడ్డుకు కనబడే గది యజమానిదైతేనే మర్యాద అని చెప్పాను. యశోదమ్మకు ఈశాన్యం గది ప్రశాంతంగా ఉంటుందన్నాను. నవ్వాడు. నిజమే గదా అన్నాడు.

నేనూ నవ్వాను.

8 ఫిబ్రవరి 2003

గృహప్రవేశం. ఊరంతా చీకటి. ఆ ఇంట్లో బల్బులు వెలిగాయి. అందరూ నన్ను మెచ్చుకున్నారు. అద్దం గది వెచ్చగా హాయిగా ఉందని బయ్యన్న నలుగురికీ చూపించాడు. ఇంకా చలికాలమే మరి.

14 మే, సాయంత్రం

బయ్యన్న పిలిపించాడు. థర్మామీటరు తీసుకునే పోయాను. యశోదమ్మ గదిలో ముప్పై ఒకటి. ఆయన గదిలో నలభై రెండు.

మంచం తాకితే చేయి చురుక్కుమంది. ఏసీ పెడదామన్నాడు. సోలార్ మీద నడవదన్నాను. లైను కరెంటు సాయంత్రం దాకా ఉండదు. నా గీతల్లో తప్పు యాడుందో చెప్పమన్నాడు.

"తప్పు కాదన్నా. మా అమ్మ పోయిన గది ఇట్లే ఉండె. అంత వేడి వచ్చేటట్లు గీసినాను."

అరుస్తాడని ఐదేళ్లుగా అనుకుంటున్నాను. అరవలేదు. చెమట కూడా తుడుచుకోలేదు. మీ అమ్మ పేరేమిటన్నాడు.

మారెక్క అన్నాను.

15 మే

నాయనకు అంతా చెప్పాను. అన్నం కంచం పక్కన పెట్టేసి, ఆ అద్దం తీసి గోడ కట్టమన్నాడు. నాకు కోపమొచ్చింది. కట్టనన్నాను.

19 మే

యశోదమ్మ కబురు పంపింది. రోజూ మధ్యాహ్నం బయ్యన్న ఆ గదిలోకి పోయి గడియ వేసుకుంటున్నాడట. పొద్దు గూకే దాకా తీయడట. నీళ్లు కూడా వద్దంటున్నాడట.

నేను కోరుకున్నది ఇది కాదు. ఏం కోరుకున్నానో ఇప్పుడు తెలియడం లేదు.

22 మే

మధ్యాహ్నం పోయి ఆ గది తలుపు కొట్టాను. పలకలేదు. మేస్త్రీ సుత్తి తీసుకుని బయటి నుంచి అద్దం నేనే పగలగొట్టాను.

కుర్చీలో ఉన్నాడు. లేచాడు. కాళ్లకు చెప్పులు లేవు.

"పెంకులుండాయి, చూసి నడువన్నా" అన్నాను.