ఫొటోల పడ్డ పసుపు కొమ్ము

కంఠేశ్వర్ నుంచి

అక్కా, ఇక్కడ మేమంత మంచిగున్నం, రంది పడకు.

పోయినేడు డెబ్బై దాటినోళ్లకు లేదని మనిద్దర్ని వాపస్ పంపిన్రు సూడు, గా రొమ్ము క్యాన్సర్ పరీక్ష ఇప్పుడు ముసలోళ్లకు గూడ ఫ్రీగ చేస్తున్నరు. నిన్న పోయి చేయించుకున్న. మిషిన్ కాడ పుస్తెలు తియ్యమన్నరు. నీ మరిది ఉండంగ ఉత్త మెడతోని ఎట్లుంట? దారానికి పసుపు కొమ్ము కట్టుకొని వీపు మీదికి ఏసుకున్న. మిషిన్ మీదికి వంగంగనే గా కొమ్ము జారి ముందలికొచ్చింది. ఫొటోల వేలంత గడ్డ కనవడ్డది. ఫొటో తీసే షాజియా మొకమే మారింది. నేనే దారం గుంజి కొమ్ము సూపెట్టిన. మల్ల తీస్తే ఏం లేదు. అడిగి నేను గూడ సూసిన. మన లోపల అంత మబ్బు పట్టినట్టు ఉంటదక్క, గమ్మత్తుగుంది.

బర్రె ఈనిందా? నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? సోమవారం వర్నిల బస్సెక్కు. కొత్త బియ్యం జరన్ని పట్కరా. పిల్లలకు నా దీవెనలు చెప్పు.

మొన్న బోనాలకు వచ్చినప్పుడు నీకు వీపు రుద్దుతుంటే, సంక కాడికి రాంగనే నా చెయ్యి ఎందుకు నెట్టేసినవో ఈ కార్డుల అడుగుతలేను. కార్డు పోస్టుమ్యాన్ సదువుతడు. నాకు చెప్పకున్నా సరే, షాజియాకు సూపెట్టు.

నీ చెల్లె,
ఎల్లవ్వ