మంత్రిగారి గేటు ముందు

తమ్ముడూ,

మంత్రిగారి గేటు దగ్గర మీ బావ దవడ విరగ్గొట్టింది నువ్వేనా? ఏళ్ల తరబడి ఈ ప్రశ్నను నోట్లోనే అదిమిపెట్టుకున్నాను.

ఆ రోజు మన రాష్ట్ర మంత్రిని అరెస్టు చేయడానికి కేంద్రం మీ పోలీసు దళాన్ని పంపింది. లోపలికి రానివ్వొద్దని రాష్ట్రం తన పోలీసులను గేటుకు అడ్డం పెట్టింది. పొద్దున డ్యూటీకి వెళ్తూ మీ బావ, "నేను రాష్ట్రం, మీ తమ్ముడు కేంద్రం. మధ్యలో నువ్వేంటోయ్, రాజ్యాంగానివా?" అని నవ్వారు. మధ్యాహ్నానికి ఖాకీలే ఖాకీలను లాఠీలతో కుళ్లబొడిచారు. కిందపడ్డవాళ్లను బూటుకాళ్లతో తొక్కారు. ఆసుపత్రిలో ఆయన నోట్లోంచి నెత్తురుతో పాటు రెండు పళ్లు నా దోసిట్లో పడ్డాయి.

"ఎవరు కొట్టారు?" అంటే కళ్లు మూసుకున్నారు. ఇప్పటికీ అంతే.

శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోవని కాలేజీలో నేటికీ పాఠం చెబుతున్నాను. విరిగిన దవడ ఏ జాబితాలోకి వస్తుందని ఏ పిల్లా అడగలేదు, నా అదృష్టం.

ఇప్పుడు రెండు పార్టీలకూ పొత్తు కుదిరి ఆ మంత్రే కేంద్రమంత్రి అయ్యాడు. ఆయన కాపలాకే ఈ ఊరు వస్తున్నానని, ఇంటికి రానా అక్కా అని రాశావు. మీ బావకు చదివి వినిపించాను.

"రమ్మను. అన్నం మెత్తగా వండు. నేను నమలగలిగిందే వాడూ తింటాడు," అన్నారు.

అది క్షమించడమో, కక్ష తీర్చుకోవడమో నాకు తెలియలేదు. పైవాళ్లు కొట్టమంటే కొట్టిన చెయ్యి ఎవరిదవుతుందో కూడా తెలియలేదు. నిన్ను రమ్మనాలో వద్దనాలో నాకింకా తేలలేదురా.

అక్క