సగం కుంటకు నిండు మందు

ఒజియా కొండ మీద నుంచి,
సెప్టెంబరు 6

చిరంజీవి తమ్ముడు షిగెహిరోకు అక్క మిత్సుయె ఆశీస్సులు.

ఇక్కడ అమ్మ, నేను, పెరటి కుంటలో పన్నెండు చేపలు, అందరం క్షేమం. తకామత్సులో నువ్వు, మసుమి, పాప కొనాత్సు చల్లగా ఉండాలని పొద్దున దీపం పెట్టేటప్పుడు అమిదా బుద్ధుడికి రోజూ చెప్పుకుంటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అమ్మకు చదివి వినిపించాను. ఎనభై మూడేళ్లు వచ్చాయి, కొన్ని వింటుంది, కొన్ని తనకు నచ్చినట్టు వింటుంది. నీ పెరట్లో కుంట తవ్వి నాలుగేళ్లయిందని, అందులో మూడు రంగుల కొయ్ చేపలు పెంచుతున్నావని చదవగానే, "వాడే తవ్వాడా? చేతులు బొబ్బలెక్కి ఉంటాయి. నూనె రాసుకోమని రాయవే" అంది. నాలుగేళ్ల కిందటి బొబ్బలకు ఇప్పుడు నూనె రాసుకో. అమ్మ చెప్పింది.

ఉత్తరం మడిచి, మళ్లీ విప్పి, ఆ ఒక్క వాక్యమే చదువుకున్నాను. ఏటా కొత్త సంవత్సరం కార్డు రాశావు. డిపోలో నీ బస్సు రూటు మారిన సంగతి రాశావు. మసుమి వంటలో ఉప్పు తక్కువని కూడా రాశావు. కుంట సంగతి మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు తెలుసు. అది తరవాత చెబుతాను. ముందు నీ చేపల సంగతి, అవి ఆగలేవు.

రాళ్లకు ఒళ్లు రాసుకుని తళుక్కున మెరుస్తున్నాయన్నావు. నెత్తిన ఎర్ర బొట్టున్నది రెక్కలు ముడుచుకుని ఒక మూల నిలబడిపోయిందన్నావు. మేత ముట్టడం లేదన్నావు. దుకాణంలో ఏదో నీలం మందు ఇచ్చారన్నావు. ఆ సీసా మూత తీయకు. దురద పెట్టిన ప్రతి చేపకూ ఒకే జబ్బు ఉండదు. నీళ్లు పాడైనా దురదే, పురుగు పట్టినా దురదే.

కాబట్టి ముందు నీళ్లు. వడపోత గుడ్డను కుళాయి నీళ్లతో కడిగానని రాశావు. అది చెయ్యకు. కుళాయి నీళ్లలో కలిపే మందు గుడ్డలో బతికే మంచి క్రిములను చంపుతుంది, అవి పోతే చేపల మూత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. గుడ్డను కుంట నీళ్లతోనే కడగాలి. రంగు మారే పరీక్ష కాగితాలు ఆ దుకాణంలోనే దొరుకుతాయి. సీసా బదులు అవి కొను. రెండు రోజులు మేత ఆపు. ఆకలితో కొయ్ చేప చావదు, జాలితో చస్తుంది.

నీ ఉత్తరంలో చేపల ముక్కను మాత్రం కింది ఇంటి ఎయ్‌సకుకు చదివి వినిపించాను. అతనూ చేపలు పెంచేవాడే, దగ్గర మైక్రోస్కోపు ఉంది. ఇప్పుడు అరవై దాటాడు, మనవలున్నారు, నోరు మాత్రం మారలేదు.

"ఏం డాక్టరమ్మా, రోగి ముఖం చూడకుండానే వైద్యమా?" అన్నాడు.

"ముఖం చూసి నువ్వు చేసిన వైద్యానికి పోయిన వారం రెండు పోయాయిగా," అన్నాను.

"అవి ముసలివి."

"నువ్వూ ముసలివాడివే. కళ్లజోడు పెట్టుకుని చూడు."

నవ్వాడు. అదే పూట అతని తొట్టిలో ఒక చేప నీ బొట్టుదానిలాగే ముడుచుకుని ఉంది. దాని మీద నాకు పని చూపించమన్నాను, నీకు సరిగ్గా రాయడానికి. చెబుతున్నాను, విను. చేతులు తడుపుకోవాలి, పొడి చెయ్యి చేప జిగురును ఊడదీస్తుంది. కళ్ల మీద తడిగుడ్డ కప్పితే కొట్టుకోదు. మొప్ప వెనక నుంచి తోక వైపు గాజుపలక అంచుతో ఒకే ఒక్క గీత, మెత్తగా, తోటకూర మీద మట్టి తుడిచినట్టు. వచ్చిన జిగురు మీద ఒక చుక్క కుంట నీళ్లు. అంతే. చేప తిరిగి నీళ్లలోకి.

ఎయ్‌సకు మైక్రోస్కోపులో నన్ను ముందు చూడమన్నాడు. జలగలాంటి చిన్న పురుగు, ఒక కొన కొక్కేలతో పట్టుకుని, రెండో కొనతో అటూ ఇటూ వెతుకుతోంది, దారి అడుగుతున్న గుడ్డివాడిలా. ఒళ్లు పురుగు అది. అంచంతా వెంట్రుకలతో బొంగరంలా తిరిగేది వేరే జబ్బు. నింపాదిగా దొర్లే పెద్ద గుండ్రటిది, లోపల లాడంలాంటి మచ్చ ఉంటే, అది తెల్ల మచ్చల జబ్బు. మూడింటికీ మందులు వేరు. అందుకే చూడకుండా వేయకూడదంటున్నాను. మీ జిల్లాలో చేపల పరిశోధన కేంద్రం ఉంటుంది, అడుగు. ఒక చేపను సంచిలో తీసుకెళితే చూసి చెబుతారు.

అంతవరకు ఉప్పు వెయ్యి. నీ కుంట రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, అరవై సెంటీమీటర్ల లోతు అన్నావు. అంటే పద్దెనిమిది వందల లీటర్లు. తొమ్మిది కిలోల ఉప్పు. ఒకేసారి కాదు, రోజుకు మూడు కిలోలు, బకెట్లో కరిగించి, చేపలకు దూరంగా పొయ్యి. తామర కుండీలుంటే ముందు బయటికి తీసెయ్యి. ఒళ్లు పురుగేనని తేలితే, కేంద్రంవాళ్లు ఇచ్చిన మందు ఒకసారి వేసి, వారానికి మళ్లీ వెయ్యి. దానితో పాటు మొప్పల్లో ఉండే రకం కూడా ఉండొచ్చు, అది గుడ్లు పెడుతుంది. గుడ్లకు మందు ఎక్కదు. పిల్లలు బయటికి వచ్చాక రెండోసారి వేస్తేనే పని జరుగుతుంది.

మందు వేసే ముందు కుంటలో నీళ్లు ఎంత మట్టానికి ఉన్నాయో కర్ర పెట్టి కొలువు. ప్రతిసారీ కొలువు. నిన్న కొలిచాను కదా అనుకోకు.

అమ్మ పక్కన కూర్చుని తుంచిన చిక్కుడుకాయలే మళ్లీ తుంచుతోంది. "షిగె చలికాలానికి వస్తాడా?" అని అడిగింది. రాడమ్మా, బస్సులు నడపాలి కదా అన్నాను. "మరి వాడి చేపలను ఎవరు చూస్తారు?" అంది. ఏ చేపలమ్మా అంటే, "వాడివే, పెరట్లో ఉన్నవి" అంది. అమ్మ లెక్కలో ఈ కుంట ఇంకా నీదే.

నాన్న పోయిన నలభై తొమ్మిదో రోజు కర్మకు వచ్చినప్పుడు రెండు రోజులున్నావు. ముందు గుమ్మంలోంచి వచ్చావు, ముందు గుమ్మంలోంచే వెళ్లావు. బావి దగ్గరికి వెళ్లాలన్నా వీధి చుట్టూ తిరిగి వెళ్లావు. పెరట్లోకి మాత్రం రాలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట పిలిస్తే వచ్చేవాడివేమో. పిలవలేదు.

ఇక చివరిది. నువ్వు దాన్ని ప్రశ్నగా రాయలేదు, అయినా జవాబు నేనే చెప్పాలి.

జబ్బు తెచ్చింది కొనాత్సే అని రాశావు. పండుగ అంగట్లో కాగితపు గరిటెతో పట్టిన బంగారు చేపను ఎవరికీ చెప్పకుండా కుంటలో వేసిందన్నావు. అంత చిన్న చేప అంత పెద్దవాటిని చంపుతుందా నాన్నా అని ఏడ్చిందట. "అప్పుడు నువ్వు నాకు చెప్పిందే దానికీ చెప్పాను అక్కా. ఇంక కుంట దగ్గరికి రావద్దన్నాను" అని రాశావు.

తమ్ముడూ, విను.

నీకు తొమ్మిదేళ్లు, నాకు పద్దెనిమిది. పోయిన పెద్దలను తలుచుకునే బోన్ పండుగకు ఇంకా రెండు వారాలుంది. నువ్వు ఇలాగే ఒక బంగారు చేపను తెచ్చి, ఒంటరిగా ఉందని, నాన్న తల్లి చేపల్లో వేశావు. పది రోజులకు అవి రాళ్లకు రాసుకోవడం మొదలుపెట్టాయి. పురుగు పట్టిన మాట నిజం. నాన్న కుంటను సగానికి దించి, ఒక్కొక్కదాన్నే పట్టి చూశాడు. మర్నాడు సమాధుల దగ్గరికి కావలసిన పూలూ లాంతర్లూ తేవడానికి అమ్మతో నగఓకా పట్నానికి వెళుతూ, నిండు కుంటకు సరిపడా పర్మాంగనేటు మందు ఒక గిన్నెలో కొలిచి నా చేతికిచ్చాడు. "ముందు కుంట నింపు. నిండాక వెయ్యి. మూడు గంటలు పడుతుంది, పక్కనే ఉండు" అన్నాడు.

నేను పక్కన ఉండలేదు. గుడి ముందు డోళ్లు సాధన చేస్తున్నారు. ఎయ్‌సకు కొడుతున్నాడు. వస్తానని మాటిచ్చాను. మూడు గంటలు ఆగలేక మందు ముందే కలిపేశాను. లేత గులాబీ రంగు రావాల్సిన నీళ్లు వంకాయ రంగుకు తిరిగాయి. చూశాను. చూసి కూడా, నీళ్లు పడితే పలచబడుతుందిలే అనుకుని నీళ్లొచ్చే తూము కొంచెం తెరిచి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పదకొండు తల్లి చేపలూ చచ్చి తేలాయి. మొప్పలు కాలి గోధుమ రంగయ్యాయి. అప్పుడు తూము మొత్తం తెరిచాను. చేపల కోసం కాదు, షిగె. నీళ్లు సగమే ఉన్నాయని నాన్నకు తెలియకూడదని. ఆయన వచ్చేసరికి కుంట నిండింది.

నాన్న గట్టు మీద కూర్చుని ఒకదాని మొప్ప ఎత్తి చూశాడు.

"ఎంత వేశావమ్మా?"

"నువ్విచ్చిన గిన్నెడే."

"నిండిన తరవాతేనా?"

"నిండిన తరవాతే."

కూతురు అబద్ధం చెబుతుందని ఆయనకు తోచలేదు. నీ బంగారు చేప ఒక్కటీ తూము నోట్లో దూరి మంచి నీళ్లలో బతికింది. అది ఈదుతూ కనపడేసరికి, "దొంగ బతికింది, ఇంటివాళ్లు పోయారు" అన్నాడు. నిన్ను పిలిచి, "ఈ గట్టు మీద నీ కాలు కనపడకూడదు" అన్నాడు. నువ్వు ఆయన వైపు చూడలేదు, నా వైపు చూశావు. "అంత చిన్న చేప అంత పెద్దవాటిని చంపుతుందా అక్కా?" అని అడిగావు.

"చంపుతుంది" అన్నాను.

ఒళ్లు పురుగు చేపను నెలల తరబడి పీడిస్తుంది. ఒక్క మధ్యాహ్నంలో పదకొండింటిని చంపదు. ఇది నాకు ఆ రోజే తెలుసు. తల్లి చేపలు పోయి, అమ్ముకోవడానికి చేపపిల్లలు లేక, నాన్న ఆ తరవాత పదకొండు చలికాలాలు టోక్యోలో రోడ్డు పనికి వెళ్లాడు. ఇంటికి మగపిల్లాడివై ఉండీ నువ్వు వల పట్టడం నేర్చుకోలేదు. బడి అయిపోగానే కొండ దిగి వెళ్లిపోయావు, సముద్రం కూడా దాటావు.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. మొదట నాన్నంటే భయం. తరవాత నువ్వు మరిచిపోయి ఉంటావనుకున్నాను. నాన్న పోతున్నప్పుడు కూడా నోరు రాలేదు. రోజూ నామం చెప్పుకుంటూ, బుద్ధుడికి తెలుసు కదా, నీకు చెప్పినట్టే అనుకున్నాను. కాదు. ఆయనకు చెప్పడం సులువు, ఆయన అడగడు.

నన్ను క్షమించమని ఈ ఉత్తరంలో అడగను. అది నువ్వు తొందరపడి ఇచ్చేస్తావు, నీ గుణం నాకు తెలుసు. కోపం రానియ్యి. ఎన్నాళ్లు ఉంటే అన్నాళ్లు ఉండనియ్యి. నాన్న మాటను ఎత్తెయ్యడానికి ఆయన లేడు. కానీ ఆ మాట నా అబద్ధం మీద నిలబడింది, కాబట్టి అది ఎప్పుడూ చెల్లలేదు. అక్టోబరు మూడో ఆదివారం కొండ మీది మట్టి చెరువులో నీళ్లు బయటికి వదిలి, చేపలను చలికాలానికి ఇంటికి తెస్తాం. వలకు రెండు కొనలుంటాయి. ఇన్నేళ్లూ రెండో కొన కూలివాళ్లు పట్టుకున్నారు. రమ్మనను. ఆ పూట నేను చెరువు దగ్గర ఉంటానని మాత్రం రాస్తున్నాను. ఎయ్‌సకుకూ అమ్మకూ రేపు చెబుతాను. ముందు నీకు చెప్పాలని ఆగాను.

కొనాత్సు తెచ్చిన చేప పురుగు తెచ్చిందో లేదో గాజుపలక కింద చూస్తేనే తెలుస్తుంది. నీ మూడు చేపలూ ఏయే తొట్లలో తిరిగి వచ్చాయో ఎవరు చెప్పగలరు? తెచ్చినా, పురుగుకు మందుంది. కొత్త చేపను మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచాలని దానికి ఎవరూ నేర్పలేదు, అంతే. నేర్పు. జిగురు గీసేటప్పుడు గాజుపలక దాని చేతికియ్యి. ఎనిమిదేళ్ల చెయ్యి మన చేతులకంటే మెత్తన.

ఇదంతా తరవాత. ఈ ఉత్తరాన్ని రెండోసారి చదవకు. కొనాత్సు బడి నుంచి ఎన్ని గంటలకు వస్తుందో నాకు తెలియదు. వచ్చేసరికి గుమ్మంలో నిలబడు. సంచీ దించకముందే, బూట్లు విప్పకముందే చెప్పు: చిన్న చేప చంపదమ్మా, మీ అత్త తప్పు చెప్పిందని చెప్పు.

ఇట్లు,
నిన్ను గట్టు మీద నుంచి దింపిన
మీ అక్క
మిత్సుయె